గుండె జబ్బు మనిషి ఇంటికొచ్చాక



నేను డాక్టరును కాను, నర్సునూ కాను. హోసూరు దగ్గర ఒక బడిలో పిల్లలకు తెలుగు, తమిళం చెప్పే టీచరును. అయినా ఈ రోజు గుండె జబ్బు ఉన్నవారికి ఇంట్లో చేయవలసిన సేవ గురించి మాట్లాడదామని వచ్చాను. ఎందుకంటే రోగి ఆసుపత్రిలో ఉండేది ఐదు రోజులో, పది రోజులో. అక్కడ సిస్టర్లు ఉంటారు. ఏడాదిలో మిగిలిన మూడు వందల యాభై చిల్లర రోజులు ఆ మనిషికి సిస్టరు ఎవరండీ? భార్య, కోడలు, కూతురు, కొడుకు, వీళ్ళలో ఎవరో ఒకరు. ఆ పనికి మనకు శిక్షణ ఏమీ ఉండదు. నేను కొంత తప్పు చేసి నేర్చుకున్నాను. ముందు ఆ తప్పు సంగతి చెబుతాను.

2017 డిసెంబరులో మా మామగారికి గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో రక్తనాళానికి స్టెంటు వేశారు. గుండె కొంచెం బలహీనపడింది, మందులు మానవద్దు అని చెప్పి ఇంటికి పంపారు. మొదటి వారం ఆయన చాలా నీరసంగా ఉన్నారు. రెండో వారానికి మొహం కాస్త నిండుగా కనిపించింది, పంచె నడుము దగ్గర బిగువైంది. మా అత్తగారు వచ్చిన వాళ్ళందరితో, ‘‘మా కోడలి చేతి వంట బాగా పట్టింది, ఒళ్ళు చేశారు’’ అని చెప్పుకున్నారు. దాచుకోవడం ఎందుకు, నేనూ మురిసిపోయాను. అత్తగారి నోట అంత మెప్పు రావడం మాటలా!

మూడో వారంలో ఒక రాత్రి రెండు గంటలప్పుడు మామగారు లేచి కిటికీ తెరుచుకుని దాని పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఏమి మామయ్యా అంటే ‘‘ఉక్కగా ఉందమ్మా’’ అన్నారు. అది జనవరి నెల. జనవరిలో హోసూరు చలి ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ చలిలో ఉక్క ఏమిటని నాకు తోచలేదు. ఫ్యాన్ వేసి వచ్చి పడుకున్నాను. తెల్లవారేసరికి ఆయన ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతున్నారు. రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటున్నారు.

ఆసుపత్రిలో తూకం చూస్తే, ఇంటికి వచ్చిన రోజు కన్నా నాలుగున్నర కిలోలు ఎక్కువ. అక్కడి సిస్టరు కేరళ అమ్మాయి. నేను ‘‘తిండి బాగానే తింటున్నారు, ఒళ్ళు కూడా వచ్చింది’’ అంటుంటే, నా వంక జాలిగా చూసి తమిళంలో ఒకే మాట అంది: ‘‘సదై ఇల్లమ్మా, తణ్ణి.’’ కండ కాదమ్మా, నీళ్ళు.

ఇంటికి వచ్చి పాత డిశ్చార్జి కాగితం తీసి చూశాను. మందుల పట్టీ కింద ఇంగ్లీషులో ‘డైలీ వెయిట్’ అని రెండే రెండు మాటలు ఉన్నాయి. మొదటిసారి నేను ఆ కాగితం చదవకపోలేదు. చదివాను. అది ఆసుపత్రి వాళ్ళ లెక్క కాబోలు అనుకున్నాను. బి.ఎడ్. చదివి, పిల్లలకు చదివి అర్థం చేసుకోండి అని రోజూ చెప్పే మనిషిని నేను.

ఇంతకీ గుండె జబ్బుకూ, ఒంట్లో నీళ్ళకూ సంబంధం ఏమిటి? అది తెలిస్తే తక్కిన సేవ అంతా తేలికగా అర్థమవుతుంది. అందుకని దీనికి కాస్త సమయం తీసుకుంటాను.

గుండె మన పిడికిలంత ఉంటుంది. నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటూ, ఊరికే కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని పంపుతుంది. ఆ రక్తం ఒంట్లో తిరిగి మళ్ళీ గుండెకే చేరుతుంది. ఈ సంగతిని రుజువులతో పుస్తకంగా రాసినవారు విలియం హార్వే అనే ఇంగ్లండు డాక్టరు, 1628లో. చక్రంలా తిరిగేది కాబట్టే ఒక చోట నెమ్మదిస్తే వెనక అంతా నిలిచిపోతుంది. గుండె ఎడమ భాగం బలహీనపడితే రక్తం ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, అక్కడ నీరు ఊరుతుంది, ఆయాసం వస్తుంది. కుడి భాగం బలహీనపడితే కాళ్ళలో, పొట్టలో నీరు చేరుతుంది. చాలామందికి రెండూ కలిసే వస్తాయి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. గుండె సరిగా పంపకపోతే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. అవి పాపం, ఒంట్లోనే నీళ్ళు తక్కువయ్యాయని అనుకుంటాయి. కరువు రోజుల్లో కుళాయి వచ్చినప్పుడల్లా ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపి పెట్టుకునే ఇల్లాలిలాగా, ఉప్పునూ నీళ్ళనూ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఉన్న నీటి మీద మరింత నీరు. బలహీనమైన గుండెకు మరింత బరువు.

దీన్నే డాక్టర్లు హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. ఆ పేరు వినగానే ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలుపెడతారు. గుండె ఆగిపోయిందని దాని అర్థం కాదండీ. చేయవలసినంత పని చేయలేకపోతోందని అర్థం. మా బడి భాషలో చెప్పాలంటే ఫెయిల్ కాదు, తక్కువ మార్కులు. మందులతో, జాగ్రత్తతో ఏళ్ళ తరబడి బతికేవారు ఉన్నారు. మా మామగారే ఆ తర్వాత నాలుగేళ్ళకు పైగా మాతో ఉన్నారు.

ఇక తూకం సంగతి. రోజూ ఉదయం లేచి, ఒంటేలుకు వెళ్ళి వచ్చిన తర్వాత, కాఫీ కూడా తాగకముందు, ఒకే రకం బట్టలతో తూకం చూడాలి. మిషన్‌ను పరుపు మీదో చాప మీదో పెట్టకుండా గట్టి నేల మీద, ఎప్పుడూ ఒకే చోట పెట్టండి. అంకెను అప్పుడే కాగితం మీద వేయండి. మేము గోడ క్యాలెండరులో తేదీ గడిలోనే పెన్సిలుతో వేసేవాళ్ళం. ఒక్క రోజులో కిలోకు మించి పెరిగినా, మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగినా డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆయాసం రాలేదు కదా, చూద్దాంలే అని ఆగకూడదు. తూకం ముందు పెరుగుతుంది, ఆయాసం తర్వాత వస్తుంది. ఆ మధ్యలో ఉన్న రెండు మూడు రోజులే మన చేతిలో ఉన్న సమయం. అప్పుడు మాత్ర మోతాదు మార్చితే సరిపోయేది, ఆగితే ఆసుపత్రి మంచం దాకా వస్తుంది. తూకం బాగా తగ్గిపోయి కళ్ళు తిరుగుతున్నా చెప్పాలి. విరేచనాలు, వాంతులు అయిన రోజుల్లో ఇలా జరుగుతుంది.

తూకం మిషన్ లేని ఇంట్లో కూడా గమనించగలిగినవి ఉన్నాయి. మోకాలి కింద, కాలి ముందు ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి అలాగే ఉంటే అది నీరు. చెప్పుల వారు ముద్ర పాదం మీద లోతుగా పడుతున్నా, వేలి ఉంగరం బిగుసుకున్నా అంతే. మంచాన ఉన్నవారికి నీరు కాళ్ళలో కాక నడుము కింద చేరుతుంది, అక్కడ నొక్కి చూడాలి. దిండ్లు లెక్కపెట్టండి. నిన్నటిదాకా ఒక దిండుతో పడుకున్న మనిషి ఈ రోజు మూడు అడిగితే అది సుఖం కోసం కాదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడడం లేదన్నమాట. పడుకోగానే పొడి దగ్గు వస్తోందా, రాత్రి ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నారా, కిటికీ దగ్గరికి పోతున్నారా, ఇవన్నీ ఒకే మాట చెబుతున్నట్టు. కిటికీ సంగతి నాకు ఎంత ఖరీదుకు తెలిసిందో ఇందాకే చెప్పాను.

అలా ఆయాసం వచ్చినప్పుడు పడుకోబెట్టకండి. పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టడం మన ఇళ్ళలో ఉన్న అలవాటు. కళ్ళు తిరిగి పడిపోయినవారికి అది పనికొస్తుంది కానీ, ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారికి చేటు. కాళ్ళలోని నీరంతా మళ్ళీ గుండెకే వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, వీపుకు ఆనుడు పెట్టి, కాళ్ళు మంచం దిగువకు వేలాడేలా ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు ఉప్పు. ఇక్కడే ప్రతి ఇంట్లోనూ యుద్ధం. పెద్దవారికి రోజుకు ఐదు గ్రాములకు లోపే, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ లెక్క ఆరోగ్యవంతులకు కూడా. మీరు ఒక పని చేయండి. ఇంట్లో ఐదుగురు ఉంటే రోజుకు 25 గ్రాములు, నెలకు 750 గ్రాములు కావాలి. మీరు నెలకు ఎన్ని కిలోల ఉప్పు కొంటున్నారో చూడండి. మా ఇంట్లో రెండు కిలోలు! ఊరగాయల కోసం కొన్న రాళ్ళ ఉప్పు ఈ లెక్కలో లేదు.

మా ప్రాంతంలో రాగి ముద్ద ఉంది కాబట్టి సగం కష్టం తీరుతుంది. ముద్దలో ఉప్పు వేయకపోయినా ఎవరికీ తెలియదు, రుచంతా పులుసులోనే. కానీ నంజుకునేది ఉప్పుసారు అయితే, దాని పేరులోనే ఉంది సంగతి. కూరో పులుసో ఉడికాక, ఉప్పు వేయకముందే రోగి వంతు వేరే గిన్నెలోకి తీసేయండి. దానికి నిమ్మకాయ, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కొత్తిమీర, చింతపండు కాస్త ఎక్కువ పట్టించండి. రెండు మూడు వారాలకు నాలుక అలవాటు పడుతుంది. అసలు దొంగ ఉప్పు వేరే ఉంటుంది: ఊరగాయ, అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయలు, ఎండుచేప, బేకరీ బిస్కెట్లు, మిక్చరు, పొట్లం నూడుల్సు. మా మామగారు ఊరగాయ మానేశారని మేము నిశ్చింతగా ఉంటే, ఆయన రోజూ సాయంత్రం టీ అంగట్లో ఉప్పు బిస్కెట్లు తింటున్నారని ఆరు నెలలకు తెలిసింది. టీచరు ఇంట్లో కూడా కాపీ కొట్టేవాళ్ళు ఉంటారు.

ఉప్పు తగ్గించమన్నారు కదా అని అంగట్లో దొరికే ‘తక్కువ సోడియం’ ఉప్పు కొనకండి. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. గుండెకు ఇచ్చే కొన్ని మందులు ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి. రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఎళనీరు, అదే లేత కొబ్బరినీళ్ళు, వాటిలోనూ పొటాషియం బాగా ఉంటుంది. రోగిని చూడవచ్చినవారు తలా రెండు కాయలు తెస్తారు, ప్రేమతోనే తెస్తారు. డాక్టరును అడిగాకే ఇవ్వండి.

నీళ్ళ విషయంలో అందరికీ ఒకే కొలత లేదు. కొందరికి డాక్టరు రోజుకు లీటరున్నర అనో, రెండు లీటర్లు అనో హద్దు పెడతారు. అలా పెడితే ఒక పని సులువు. పొద్దున్నే అంత నీరు సీసాల్లో పోసి పెట్టండి. ఆయన ఒక గ్లాసు కాఫీ తాగితే ఒక గ్లాసు నీరు సీసాలోంచి తీసేయండి. మజ్జిగ, చారు, గంజి, పాలు అన్నీ లెక్కే. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. డాక్టరు హద్దు పెట్టకపోతే మీ అంతట మీరు పెట్టకండి, ముఖ్యంగా ఎండాకాలంలో.

మందుల గురించి రెండు మూడు సంగతులే చెబుతాను. నీరు తీసే మాత్ర, లాసిక్స్ అని చాలామందికి తెలిసిన పేరు, ఉదయం వేసుకుంటే మధ్యాహ్నం లోపు మూత్రం పోయి రాత్రి నిద్ర చెడదు. బస్సు ప్రయాణం ఉన్న రోజున, పెళ్ళికి పోవలసిన రోజున దారిలో ఇబ్బంది అని ఆ మాత్రను మానేస్తారు మన పెద్దవాళ్ళు. ఆడవాళ్ళు మరీను. వారి తప్పు అనలేము. మన బస్ స్టాండులలో ఆడవాళ్ళకు సరైన చోటు ఎక్కడుంది? కానీ పెళ్ళి రోజు మాత్ర మానేసి, పెళ్ళి భోజనంలోని ఉప్పంతా తిని వస్తే ఆ రాత్రికే ఆయాసం. మానవద్దు, వేళ మార్చుకోవచ్చా అని ముందే డాక్టరును అడగండి.

స్టెంటు వేసినవారికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు ఉంటాయి. పన్ను పీకించుకోవాలన్నా, ఎవరో చెప్పారన్నా, వాటిని గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు. ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టవచ్చు. కొన్ని బి.పి. మందులకు పొడి దగ్గు వస్తుంది. స్పైరనోలాక్టోన్ అనే మందు వల్ల మగవారికి రొమ్ము వాచి నొప్పి పెట్టవచ్చు. సిగ్గుపడి చెప్పరు, మాత్ర మాత్రం మెల్లగా మానేస్తారు. చెబితే దానికి బదులు వేరే మందు ఉంది.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పదలచినది మోకాళ్ళ నొప్పి మాత్రల గురించి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. ఇవి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలుపుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. నెల రోజులు ఉప్పు తగ్గించి సాధించినదంతా నాలుగు మాత్రలు పాడుచేయగలవు. గుండె బలహీనంగా ఉన్నవారు నొప్పి మాత్ర కొనేముందు తమ గుండె డాక్టరు రాసిన చీటీ చూపించాలి.

సేవ అంటే రోగిని కదలనివ్వకపోవడం అనుకుంటాము. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకున్నారు. గుండెపోటు వచ్చినవారిని నాలుగు నుంచి ఆరు వారాలు మంచం దిగనిచ్చేవారు కాదు, అన్నం కూడా నర్సులే తినిపించేవారు. 1952లో అమెరికాలో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు అలాంటి రోగులను తొలి రోజుల్లోనే పడక కుర్చీలో కూర్చోబెట్టి, దానివల్ల మేలే జరిగిందని చూపించారు. ఆ రోజుల్లో అది పెద్ద సాహసం. ఎప్పుడూ పడుకునే ఉంటే కాళ్ళలో రక్తం గడ్డ కడుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం నిలుస్తుంది, కండ కరిగిపోతుంది, మనసు కుంగుతుంది. డాక్టరు చెప్పిన మేరకు ఇంట్లో, ఆపైన వీధిలో నడిపించండి. నడుస్తూ మాట్లాడగలిగితే సరైన వేగమే. మాట తెగిపోతుంటే ఆగి కూర్చోబెట్టాలి.

మంచం దిగేటప్పుడు ముందు అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి తర్వాత నిలబెట్టండి, ఈ మందులకు లేవగానే కళ్ళు తిరుగుతాయి. స్నానానికి మరీ వేడి నీళ్ళు వద్దు, స్టూలు వేయండి, తలుపు గడియ వేసుకోనివ్వకండి. మలబద్ధకం రానివ్వకూడదు, ముక్కితే గుండెకు శ్రమ. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే దాని మీద వేసే ప్లాస్టిక్ కుర్చీ కొనండి. పూర్తిగా మంచాన ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. నీరు పట్టిన చర్మం తొందరగా పుండు పడుతుంది.

కాళ్ళ గురించి ఒక ప్రత్యేకమైన మాట. రెండు కాళ్ళూ సమంగా వాస్తే అది ఎక్కువగా నీరు. ఒక్క కాలే, పిక్క దగ్గర వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. మన ఇళ్ళలో కాలు నొప్పి అనగానే నూనె వెచ్చచేసి మర్దన మొదలుపెడతారు. అక్కడ మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. చెయ్యి వేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

చూడడానికి వచ్చేవారి సంగతి కూడా సేవలో భాగమే. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 నాటి తన నర్సింగు పుస్తకంలో ఒక ప్రకరణం అంతా ఈ పరామర్శల మీదే రాసింది. ఊరికే ధైర్యం చెప్పేవాళ్ళు, అడగని సలహాలు ఇచ్చేవాళ్ళు రోగిని ఎంత అలసిపోయేలా చేస్తారో చెప్పింది. ఆమె మన ఇళ్ళు చూడలేదు కానీ చూసినట్టే ఉంటుంది. ‘‘మా బావకు కూడా ఇలాగే వచ్చింది, ఆరు నెలలు కూడా...’’ అని మొదలుపెట్టేవారు ఏ ఊరిలో లేరు? అలాంటివారికి వాకిట్లోనే కాఫీ ఇచ్చి అక్కడే మాట్లాడి పంపడం నేను నేర్చుకున్న విద్య. మా అత్తగారికి కోపం వచ్చింది. వచ్చినా ఫరవాలేదు.

చివరగా భాష విషయం. తెలుగు గడ్డకు బయట తరతరాలుగా ఉంటున్న మనలాంటివారికి ఇది ప్రాణంతో పని. మా మామగారు నలభై ఏళ్ళు తమిళంలో వ్యాపారం చేశారు. తమిళంలో బేరమాడేవారు, తమిళంలో పోట్లాడేవారు. గుండెపోటు వచ్చిన నాడు మాత్రం నోట తెలుగు తప్ప రాలేదు. ‘‘వలి ఇరుక్కా?’’ అని అడిగితే, అంటే నొప్పి ఉందా అంటే, ‘‘ఇల్లై’’ అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు ఉన్నది నొప్పి కాదు. ఎద మీద బండ పెట్టినట్టు, రొమ్ము పట్టేసినట్టు ఉందట. దానికి తమిళ మాట ఆ సమయంలో తోచలేదు. అడిగినవారి తప్పూ లేదు, చెప్పినవారి తప్పూ లేదు. మధ్యలో అరగంట పోయింది.

గుండెపోటు చాలామందికి ఇలాగే వస్తుంది. నొప్పిలా కాక బరువుగా, బిగింపుగా, మంటగా ఉండవచ్చు. ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకవచ్చు, చల్లని చెమట పట్టవచ్చు. ఆడవారిలో, షుగరు ఉన్నవారిలో ఎదలో ఏమీ లేకుండా ఆయాసమో, వాంతి వచ్చినట్టో, విపరీతమైన నీరసమో మాత్రమే ఉండవచ్చు. దాన్ని గ్యాసు అని సోడా తాగించి గంట వేచి చూస్తే ఆ గంటలో గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది.

అందుకని ఒక కాగితం రాసి పెట్టుకోండి. ‘ఎద బరువుగా ఉంది’ అనడానికి తమిళంలో ‘నెంజు బారమా ఇరుక్కు’, కన్నడలో ‘ఎదె భారవాగిదె’. ఆయాసానికి తమిళంలో ‘మూచ్చు తిణరల్’, కన్నడలో ‘ఉసిరాటద తొందరె’, షోలాపూరు వైపు వారికి మరాఠీలో ‘దమ్ లాగతో’. బరంపురం వారు ఒడియాలో రాయించుకోండి. మీ ఇంట్లో బడికి పోయే పిల్లలు ఉంటారు, వాళ్ళకు ఊరి భాష చదవడం రాయడం వచ్చు. వాళ్ళ చేత ఒక వైపు తెలుగులో, ఒక వైపు ఊరి భాషలో రాయించండి. ఇంట్లో ఏ జబ్బు ఉందో పిల్లలకు తెలియకూడదని దాచడం కన్నా ఇది మేలు. అదే కాగితంలో రోగి పేరు, జబ్బు, వేసుకుంటున్న మందులు, పడని మందులు, స్టెంటు వేసిన తేదీ, చివరి నెల తూకాలు ఉండాలి.

ఎద నొప్పి వస్తే ఏమి చేయాలో కూడా డాక్టరును ముందే అడిగి అందులో రాసుకోండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసి ఇచ్చి ఉంటే, ముందు కూర్చోబెట్టి తర్వాత పెట్టాలి. దానితో బి.పి. తగ్గి నిలబడినవారు పడిపోతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. ఆస్పిరిన్ నమిలించవచ్చా అన్నది కూడా అప్పుడే అడిగి ఉంచుకోవాలి. పక్కింటివారి మాత్ర మీ రోగికి పెట్టకండి. మనిషి పిలిస్తే పలకకుండా, ఊపిరి ఆడకుండా పడిపోతే ఫోన్ చేస్తూనే ఎద నడుమ రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు సెంటీమీటర్ల లోతు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి, సాయం వచ్చేదాకా.

మా తమిళనాడులో 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువం’ అనే పథకం మొదలైంది. ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని అర్థం. మొదలైంది మా కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. బి.పి., షుగరు మాత్రలు ఇంటికి తెచ్చి ఇచ్చే కార్యకర్తలు వస్తారు. ఆమె వచ్చిన రోజు మాత్రలు తీసుకుని ఊరుకోకుండా ఆ క్యాలెండరు చూపించండి, కాళ్ళు చూపించండి, బి.పి. చూడమనండి.

ఆ కాగితం నకలు ఒకటి గోడకు అంటించండి, ఇంకొకటి ఆయన చొక్కా జేబులో పెట్టండి. రాత్రివేళ 108కి ఫోన్ చేసినప్పుడు ఇంటి దగ్గర ఉన్న గుడో, బడో, వాటర్ ట్యాంకో గుర్తు చెప్పండి. బండి వచ్చేలోపు వీధి లైటు వేసి, తలుపు గడియ తీసి, ఒక పిల్లవాడిని సందు మొదట్లో నిలబెట్టండి.